మోనోహల్ తెరచాప పడవ అద్దెకు తీసుకుని ఉష్ణమండల దీవుల్లో తిరగాలంటే

తెరచాప పడవ అద్దెకు తీసుకునేవాళ్ళు ముందుగా భయపడేది గాలికి. కానీ వారం రోజుల సెలవును గాలి పాడుచేయడం అరుదు. పాడుచేసేవి వేరే ఉన్నాయి: రాత్రిపూట లంగరు జారడం, బ్యాటరీలు దిగిపోయి ఫ్రిజ్ ఆగిపోవడం, టాయిలెట్ పూడుకుపోవడం, వెనక కట్టిన డింగీ (తీరానికి వెళ్ళే చిన్న పడవ) తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకోవడం, పొద్దు వాలాక పగడపు దిబ్బల మధ్యకు చేరడం. అందుకే ఇక్కడ చాపలు సర్దడం గురించి తక్కువగా, వీటి గురించి ఎక్కువగా రాస్తున్నాం. చుక్కాని పట్టడం, ఎదురుగాలిలో పడవను మలుపు తిప్పడం (ట్యాక్), గాలి వెనక నుంచి ఉండగా తిప్పడం (జైబ్) ఇప్పటికే వచ్చి, మొదటిసారి వారం పాటు సొంతంగా పడవ నడపబోయేవాళ్ళ కోసం ఇది.

మోనోహల్ ఎవరికి, ఎంత పొడవు

మోనోహల్ అంటే ఒకే హల్ (పడవ దొప్ప) ఉన్న పడవ. దాని అడుగున కీల్ అనే బరువైన రెక్క ఉంటుంది. 40 అడుగుల చార్టర్ (అద్దె) పడవ అడుగుభాగం నీటిలోకి 1.8 నుంచి 2.1 మీటర్ల దాకా దిగుతుంది. అదే పొడవున్న కాటమరాన్ (రెండు హల్‌ల పడవ) సుమారు 1.2 మీటర్లతో సరిపెట్టుకుంటుంది. బహామాస్ లాంటి లోతు తక్కువ చోట్లలో ఈ తేడా పెద్దది. కాటమరాన్ ఇసుక తీరానికి దగ్గరగా వెళ్ళి నిలబడితే, మోనోహల్ దూరంగా ఆగి డింగీలో వెళ్ళాలి. ఇంకో ఇబ్బంది, పక్క నుంచి వచ్చే అలకు లంగరు దగ్గర మోనోహల్ రాత్రంతా అటూ ఇటూ ఊగుతుంది. ఇవి ఒప్పుకున్నవాళ్ళకు దక్కేది కూడా తక్కువేం కాదు. ఎదురుగాలికి బాగా ఎక్కుతుంది, చుక్కాని చేతికి నీటి పట్టు తెలుస్తుంది, అదే పొడవు కాటమరాన్ కంటే అద్దె తక్కువ. తెరచాప కోసం వెళ్ళేవాళ్ళకు మోనోహలే సరైనదని మా అభిప్రాయం. డెక్ మీద పడుకుని ఎండ కాచుకోవడమే ముఖ్యమైతే కాటమరాన్ తీసుకోండి.

నలుగురికి 38 నుంచి 40 అడుగులు, ఆరుగురికి 44 నుంచి 46 అడుగులు. బ్రోచర్‌లో 3 క్యాబిన్లకు 8 మంది అని ఉంటే, అందులో ఇద్దరు భోజనాల బల్లను మంచంగా మార్చుకుని పడుకోవాలన్నమాట. ఆ లెక్కను నమ్మకండి. క్యాబిన్లలోనూ తేడా ఉంది. లంగరు వేసిన పడవ ముక్కు గాలివైపు తిరిగి ఉంటుంది కాబట్టి ముందు క్యాబిన్ పైకప్పు కిటికీ తీస్తే గాలి నేరుగా లోపలికొస్తుంది. వెనక క్యాబిన్లు కాక్‌పిట్ (చుక్కాని దగ్గర కూర్చునే చోటు) కింద ఉంటాయి, చిన్న కిటికీలు, ఉక్క. అక్కడ ఫ్యాన్లు ఉన్నాయో లేవో బుక్ చేసేముందే అడగండి. ఏసీ ఉందని రాసినా అది జనరేటర్ మీదో, మరీనా (పడవల రేవు) కరెంటు మీదో మాత్రమే నడుస్తుంది.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. మెయిన్ చాప స్తంభం లోపలికి చుట్టుకునే రకమా, కిందికి దించి మడతపెట్టే రకమా? లంగరు గొలుసు ఎన్ని మీటర్లు? విండ్‌లాస్ (గొలుసును ఎత్తే యంత్రం) కరెంటుదేనా? డింగీ ఇంజన్ ఎన్ని హార్స్‌పవర్? సోలార్ పలకలు ఉన్నాయా? కాక్‌పిట్ మీద బిమిని నీడ ఉందా? ఆఖరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, ఆ ఎండలో నీడలేని కాక్‌పిట్‌లో రెండు గంటలు కూర్చోవడం కష్టం.

స్కిప్పర్ (పడవ నడిపే కెప్టెన్) లేకుండా పడవ ఇవ్వడాన్ని బేర్‌బోట్ అంటారు. కొన్ని చోట్ల మీ సెయిలింగ్ అనుభవాన్ని వివరించే పత్రం చాలు, కొన్ని చోట్ల ఆర్‌వైఏ డే స్కిప్పర్ (బ్రిటిష్), ఏఎస్ఏ 104 (అమెరికన్), ఐసీసీ (అంతర్జాతీయ అర్హత పత్రం) వంటి సర్టిఫికెట్ అడుగుతారు. ఆస్ట్రేలియాలోని విట్‌సండే దీవుల్లో లైసెన్సు అడగరు, దానికి బదులు వివరమైన బ్రీఫింగ్ ఇస్తారు. అనుభవ పత్రంలో అతిశయోక్తులు రాయకండి. ఎన్ని అడుగుల పడవ నడిపారు, ఎన్ని రాత్రులు లంగరు మీద గడిపారు, ఎంత గాలిలో తిరిగారు అన్నవే వాళ్ళు చూస్తారు. కొంచెం సందేహం ఉన్నా మొదటి రెండు రోజులకు స్కిప్పర్‌ని తీసుకోండి. మిగతా ఐదు రోజులు హాయిగా గడుస్తాయి. స్కిప్పర్‌కి పడుకోవడానికి చోటు, తిండి మీరే చూడాలని మాత్రం మరవకండి.

చోటు, నెల, బాయ్‌ల రంగు

కరీబియన్‌లోని బ్రిటిష్ వర్జిన్ దీవులు మొదటిసారికి అందరూ సూచించే చోటు. కారణం స్పష్టం: సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ ఛానెల్ చుట్టూ దీవులు వరసగా ఉంటాయి, ఒక దీవి నుంచి తర్వాతది కంటికి కనిపిస్తుంది. తూర్పు నుంచి వ్యాపార పవనాలు 15 నుంచి 20 నాట్లతో (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) నిలకడగా వీస్తాయి. డిసెంబరు, జనవరిలలో ఇవి 25 నాట్ల దాకా పెరిగి రోజుల తరబడి తగ్గవు. శీతాకాలంలో ఉత్తర అట్లాంటిక్ తుపాన్ల నుంచి వచ్చే పెద్ద అలలు ఉత్తరం వైపు తెరిచి ఉన్న లంగరు చోట్లను పనికిరాకుండా చేస్తాయి. అక్కడ గాలి సూచన ఒక్కటే చూస్తే సరిపోదు, అల ఎత్తూ దిక్కూ కూడా చూడాలి. కరీబియన్‌లోనే ఉన్న గ్రెనడీన్స్‌లో దీవుల మధ్య సముద్రం తెరుచుకుని ఉంటుంది, అలలు పెద్దవి. కొంచెం అనుభవం వచ్చాక వెళ్ళాల్సిన చోటది. అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. 2017 సెప్టెంబరులో ఇర్మా హరికేన్ వర్జిన్ దీవుల చార్టర్ పడవలను కుప్పలుగా పోసింది. 2024 జూలై 1న బెరిల్ గ్రెనడీన్స్‌లోని యూనియన్ దీవిని, దాని దక్షిణాన ఉన్న కరియాకూను నేలమట్టం చేసింది. ఆ నెలల్లో అద్దె తగ్గుతుంది నిజమే. తుపాను వస్తే డబ్బు వెనక్కి ఇస్తారా, తేదీలు మారుస్తారా అన్నది ఒప్పందంలో చదవకుండా సంతకం పెట్టకండి.

సీషెల్స్‌లో మే నుంచి సెప్టెంబరు వరకు ఆగ్నేయ పవనాలు బలంగా ఉంటాయి, ఏప్రిల్‌లోనూ అక్టోబరు చివరలోనూ సముద్రం నెమ్మదిస్తుంది. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్, ఫంగ్ నా అఖాతం వైపు నవంబరు నుంచి ఏప్రిల్ మంచి కాలం. విట్‌సండే దీవులకు తుపాన్ల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. ఇంచుమించు అవే నెలల్లో అక్కడి నీళ్ళలో ప్రమాదకరమైన జెల్లీఫిష్‌లు కూడా ఉంటాయి, ఒళ్ళంతా కప్పే స్టింగర్ సూట్ లేకుండా దిగకూడదు.

బాయ్‌ల (దారి చూపేందుకు నీటిలో తేలే గుర్తులు) రంగుల గురించి ఒక మాట. కరీబియన్‌తో సహా అమెరికా ఖండాలు ఐఏఎల్ఏ (సముద్ర దారి గుర్తుల అంతర్జాతీయ సంస్థ) బి పద్ధతిలో ఉన్నాయి: సముద్రం నుంచి రేవులోకి వచ్చేటప్పుడు ఎరుపు మీ కుడివైపు ఉండాలి. సీషెల్స్, థాయ్‌లాండ్, ఆస్ట్రేలియా ఐఏఎల్ఏ ఏ పద్ధతి, అక్కడ ఎరుపు ఎడమవైపు. ఒక చోట నేర్చుకుని ఇంకో చోట అద్దెకు తీసుకునేవాళ్ళు ఇక్కడే తడబడతారు. చుక్కాని పక్కన ఒక టేపు ముక్క మీద రాసి అతికించండి.

అప్పగింత రోజు

మధ్యాహ్నం పడవ చేతికొస్తుంది. అందరికీ వెంటనే బయల్దేరాలని ఉంటుంది. టెక్నీషియన్ ఇరవై నిమిషాల్లో గబగబా చెప్పి వెళ్ళిపోతాడు. ఆ తొందరకు లొంగకండి. ఒకరు వీడియో తీస్తుండగా ఇంకొకరు ప్రతి మీటనూ స్వయంగా నొక్కి చూడాలి. చెబితే వినడం వేరు, చేత్తో చేయడం వేరు.

మొదట బయట. హల్ చుట్టూ గీతలు, నొక్కులు, కీల్ కింద పాత దెబ్బలు, డింగీ అడుగు, దాని ప్రొపెల్లర్ రెక్కలు. అన్నిటికీ ఫొటో తీసి, కంపెనీ కాగితంలో రాయించండి. డిపాజిట్ వెనక్కి వచ్చేది దీన్ని బట్టే. తర్వాత లంగరు గొలుసు. విండ్‌లాస్‌తో 20 మీటర్లు కిందికి వదిలి పైకి తీయండి. గొలుసు మీద రంగు గుర్తులు ఎన్ని మీటర్లకు ఒకటి ఉన్నాయో అడగండి. గొలుసు చివరి కొస పడవకు కట్టి ఉందో లేదో కళ్ళతో చూడండి. విండ్‌లాస్ బ్రేకర్ ఎక్కడుందో తెలుసుకోవాలి, ఎందుకంటే మొదటి రెండు రోజుల్లో అది కనీసం ఒక్కసారి పడుతుంది.

చాపలను అక్కడే పూర్తిగా విప్పి చుట్టండి. స్తంభం లోపలికి చుట్టుకునే మెయిన్‌సెయిల్ ఇరుక్కోవడానికి చాలాసార్లు ఒకటే కారణం: చాప వదులుగా చుట్టుకోవడం. చుట్టేటప్పుడు ఔట్‌హాల్ తాడును (చాప మూలను బయటికి లాగేది) ఒకరు కొంచెం బిగువుగా పట్టి నెమ్మదిగా వదలాలి. బూమ్ (చాప అడుగున ఉండే అడ్డకర్ర) ఏ ఎత్తులో ఉండాలి, గాలి ఏ పక్క నుంచి కొద్దిగా తగలాలి అన్నది పడవను బట్టి మారుతుంది. టెక్నీషియన్‌నే చేసి చూపించమనండి.

ఇంజన్ గదిలో ఆయిల్ డిప్‌స్టిక్, కూలెంట్, బెల్టు, సముద్రపు నీటిని వడకట్టే స్ట్రెయినర్, దాని వాల్వ్. అదనపు ఇంపెల్లర్ (ఇంజన్‌ను చల్లబరిచే నీటిని తోడే రెక్కల చక్రం), బెల్టు, డీజిల్ ఫిల్టర్ ఉన్నాయో చూడండి. ఆపేటప్పుడు ముందు స్టాప్ బటన్, ఇంజన్ ఆగాకే తాళం. తాళం ముందు తిప్పితే కొన్ని పడవల్లో ఆల్టర్నేటర్ చెడిపోతుంది. లైఫ్‌జాకెట్లు మనుషులతో సమానంగా ఉన్నాయా, పిల్లల సైజు ఉందా, ఫ్లేర్‌ల (ఆపద సంకేత మంటలు) గడువు, మంటలార్పే సిలిండర్లు, పడవ అడుగున చేరిన నీటిని చేత్తో తోడే బిల్జ్ పంపు పిడి, వీహెచ్ఎఫ్ రేడియోలో ఆపద పిలుపులకు వాడే 16వ ఛానెల్: ఇవి చకచకా అయిపోతాయి. ఆగి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. లోతు చూపే మీటరు ఎక్కడి నుంచి కొలుస్తోంది? నీటి ఉపరితలం నుంచా, కీల్ అడుగు నుంచా? మీటరులో 3 అని కనిపిస్తే, మొదటి లెక్కలో మీ కీల్ కింద 1 మీటరే ఉంది, రెండో లెక్కలో 3 మీటర్లు ఉంది. నమ్మకం కుదరకపోతే మరీనాలోనే బరువు కట్టిన తాడు వదిలి కొలిచి చూడండి.

సామాను మెత్తని బ్యాగుల్లోనే తేవాలి, గట్టి సూట్‌కేసు దాచే చోటు పడవలో ఎక్కడా ఉండదు. సరుకుల అట్టపెట్టెలను గట్టు మీదే విప్పేయండి. వాటి మడతల్లో బొద్దింక గుడ్లు లోపలికొస్తాయి.

రూటు వేయడం

రోజుకు 15 నుంచి 20 నాటికల్ మైళ్ళు చాలు. 40 అడుగుల మోనోహల్ మంచి గాలికి 6 నాట్లు పోతుంది, కానీ ఎదురుగాలికి ట్యాక్ చేస్తూ వెళ్తే గమ్యం వైపు సాగేది గంటకు 4 మైళ్ళలోపే. 12 మైళ్ళ ఎదురు ప్రయాణం అంటే కనీసం 3 గంటలు. అందుకని ఎదురుగాలి భాగాన్ని వారం మొదట్లో, ఓపిక ఉన్నప్పుడే ముగించి, చివరి రోజులు గాలివాటుగా తిరిగి రావాలి. బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో చాలామంది టోర్టోలా నుంచి ముందు నార్మన్, కూపర్ దీవుల మీదుగా వర్జిన్ గోర్డాకు ఎక్కి, తర్వాత జోస్ట్ వాన్ డైక్ వైపు గాలివాటుగా దిగేది ఇందుకే. అనెగాడా వేరు కథ. అత్యంత ఎత్తైన చోటే సముద్రమట్టానికి 9 మీటర్ల లోపు ఉండే చదునైన పగడపు దీవి అది, దగ్గరికి వెళ్ళేదాకా కనిపించదు, ఆగ్నేయంగా హార్స్‌షూ రీఫ్ అనే పగడపు దిబ్బ సాగి ఉంది. పొద్దున్నే బయల్దేరి, ఎండ నడినెత్తిన ఉండగానే, బాయ్‌ల దారిలోనే లోపలికి వెళ్ళాలి.

రెండు నియమాలు ఎక్కడైనా ఒకటే. మధ్యాహ్నం 3 గంటలకల్లా లంగరు వేసి ఉండాలి, ఆఖరి రాత్రి బేస్‌కు (పడవ తిరిగి అప్పగించే రేవు) రెండు గంటల దూరంలోపు ఉండాలి. ఉష్ణమండలంలో సూర్యుడు దిగాక సంధ్య వెలుగు ఎక్కువసేపు నిలవదు, అరగంటలోపే చీకటి. రాత్రి ప్రయాణం చాలా ఒప్పందాల్లో నిషిద్ధం కూడా. దేశం సరిహద్దు దాటే రూటైతే, ఉదాహరణకు అమెరికా వర్జిన్ దీవుల నుంచి బ్రిటిష్ వర్జిన్ దీవులకు, కస్టమ్స్, ఇమిగ్రేషన్ పనికి సగం రోజు పక్కన పెట్టండి.

దారిలో

బయల్దేరేముందు పైకప్పు కిటికీలన్నీ మూయాలి. ముందు క్యాబిన్ కిటికీ తెరిచి ఉంటే ఒక్క అల చాలు, పరుపులు వారం పాటు ఆరవు. మోనోహల్ 15 నుంచి 20 డిగ్రీలు వాలి నడుస్తుంది. బల్ల మీద ఉన్న ప్రతిదీ నేల మీదికి వస్తుంది. వాలిన వైపు టాయిలెట్ గిన్నెలోకో, సింకులోకో సముద్రపు నీరు ఎగదన్నవచ్చు. అందుకే ప్రయాణంలో వాటి సీకాక్ వాల్వ్‌లు (హల్‌లోని నీటి కన్నాలను మూసేవి) మూసి ఉంచండి, తిరిగి తెరవాలని ఒకరు గుర్తుంచుకోండి.

గాలి 18 నాట్లు దాటుతుంటే మొదటి రీఫ్ (చాప వైశాల్యాన్ని కొంత తగ్గించడం), 22 దాటితే రెండోది. బయల్దేరే ముందే మరీనాలో రీఫ్ వేసుకోవడం సులువు, అలల మధ్య వేయడం కష్టం. రెండు దీవుల మధ్య సందులో గాలి ఉన్నట్టుండి 5 నుంచి 8 నాట్లు పెరగవచ్చు. గాలి వచ్చే వైపు నల్లటి మబ్బు, దాని కింద బూడిద రంగు తెర కనిపిస్తే అది స్క్వాల్, అంటే ఉన్నట్టుండి విరుచుకుపడే గాలివాన. పది నిమిషాల టైముంది అనుకోండి. పడవ ముక్కు వైపు చాపను చుట్టేయండి, మెయిన్ తగ్గించండి, నీళ్ళలో తాళ్ళేవీ వేలాడడం లేదని చూసుకుని ఇంజన్ వేయండి. 30 నాట్లు కొట్టినా సాధారణంగా పావుగంటలో దాటిపోతుంది. ఆ వానలో ముందున్నదేమీ కనపడదు కాబట్టి దీవికి దూరంగా, ఖాళీ నీళ్ళ వైపు తిరగడమే పద్ధతి.

ఒంట్లో తిప్పడం మొదలయ్యాక వేసుకునే మాత్ర పెద్దగా పనిచేయదు. డాక్టరు చెప్పిన మందును బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి. తిప్పుతున్నవాళ్ళను కిందికి పంపకండి, చుక్కాని ఇచ్చి దిగంతం చూడమనండి.

నీటి రంగు చదవడం

పగడపు నీళ్ళలో చార్ట్‌ప్లాటర్ (తెర మీద సముద్ర పటం చూపే పరికరం) కంటే కళ్ళను ఎక్కువ నమ్మాలి. చిక్కటి నీలం లోతు. నీలం పలచబడి ఆకుపచ్చ కలిస్తే 5 నుంచి 10 మీటర్ల ఇసుక. లేత ఆకుపచ్చ, తెలుపు అయితే మోనోహల్‌కు చోటు కాదు. గోధుమ, పసుపు మచ్చలు పగడం. నల్లటి మచ్చ గడ్డి కావచ్చు, పగడం కావచ్చు, మబ్బు నీడా కావచ్చు. నీడైతే కదులుతుంది. ఈ రంగులు కనిపించాలంటే సూర్యుడు ఎత్తుగా, మీ వెనక ఉండాలి. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 వరకు అంత ఎత్తులో ఉంటాడు. పోలరైజ్డ్ కళ్ళజోడు పెట్టుకున్న మనిషిని ముక్కు దగ్గర నిలబెట్టండి. అరుపులు ఇంజన్ చప్పుడులో వినపడవు, చేతి సైగలు ముందే అనుకోండి. సూర్యుడు ఎదురుగా ఉంటే నీరంతా వెండి రేకులా మెరుస్తుంది, దిబ్బ మీద 1 మీటరు నీళ్ళున్నా తెలియదు.

లంగరు

లంగరును పట్టి ఉంచేది దాని బరువు ఒక్కటే కాదు. గొలుసు నేలమీద పడుకుని ఉంటే లాగుడు అడ్డంగా వస్తుంది, అడ్డంగా లాగేకొద్దీ లంగరు మొన ఇసుకలోకి ఇంకా దిగుతుంది. గొలుసు తక్కువైతే లాగుడు పైకి వస్తుంది, మొన ఊడుతుంది. అందుకే పొడవు లెక్క. నీటి లోతుకు, ముక్కు నీటిమట్టం నుంచి ఉన్న ఎత్తును, రాబోయే పోటును కలపాలి. కరీబియన్‌లో లోతు 5 మీటర్లు, ముక్కు ఎత్తు 1.5, పోటు అర మీటరు: మొత్తం 7. పగలు కాసేపు ఆగడానికి 5 రెట్లు, 35 మీటర్లు. రాత్రికి 7 రెట్లు, 49 మీటర్లు. విట్‌సండేలో అదే చోట పోటు 3 మీటర్లు పెరగనుంటే మొత్తం 9.5, దానికి 5 రెట్లే 47 మీటర్లు దాటుతుంది. పోటుపాట్ల తేడా ఎక్కువున్న చోట లోతు కొలిచిన టైమును కూడా రాసుకోవాలి, పాటుకు కీల్ నేలను తాకకూడదు.

వేసే తీరు ఇది. ఇసుక మచ్చను వెతకండి. పగడం మీద లంగరు వేస్తే పగడం చస్తుంది, లంగరూ ఇరుక్కుంటుంది, చాలా చోట్ల జరిమానా కూడా. ఇప్పటికే ఉన్న పడవల వెనక నుంచి, గాలికి ఎదురుగా నెమ్మదిగా వెళ్ళి, పడవ పూర్తిగా ఆగాక లంగరు వదలండి. అది నేల తాకాక పడవ గాలికి వెనక్కి జరుగుతుంటే గొలుసును పరుచుకుంటూ వదలాలి. ఒకేసారి కుప్పగా వదిలితే గొలుసు లంగరు మొనకే చుట్టుకుంటుంది. లెక్కించిన పొడవు వదిలాక రివర్స్ గేరు, ముందు ఐడిల్, అర నిమిషం తర్వాత 1,500 ఆర్‌పీఎం, ఆ తర్వాత 2,000. అప్పుడు పక్కకు చూసి తీరం మీద ఒకే వరసలో ఉన్న రెండు గుర్తులు పట్టుకోండి, ఒక చెట్టు, దాని వెనక కొండ అంచు. వరస చెదరకపోతే పట్టింది. గొలుసు మీద చెయ్యి లేదా పాదం ఆనించినా తెలుస్తుంది: లంగరు జారుతుంటే గొలుసు గరగరమని వణుకుతుంది, పట్టినప్పుడు బిగుసుకుని ఊరుకుంటుంది.

తర్వాత మాస్కు పెట్టుకుని దిగి చూడండి. వెచ్చని, తేటనీళ్ళలో ఇది ఐదు నిమిషాల పని, దానికి సమానమైన నిశ్చింత ఇంకోటి లేదు. మొన పూర్తిగా ఇసుకలో పూడిందా, పక్కకు పడుకుని ఉందా, దగ్గరలో పగడపు గుండు ఉందా? పక్కకు పడుకుని ఉంటే పైకి తీసి మళ్ళీ వేయాలి. మూడోసారీ పట్టకపోతే ఆ అడుగున గడ్డి ఉందో, రాతి మీద పలచని ఇసుక పొర ఉందో, చోటు మార్చండి. చివరగా స్నబ్బర్ తాడును (కుదుపులను సాగి తట్టుకునేది) గొలుసుకు తగిలించి బరువును విండ్‌లాస్ మీద నుంచి తప్పించండి. రాత్రి స్తంభం మీది తెల్ల దీపం, ఫోనులో లంగరు అలారం.

ఎత్తేటప్పుడు ఇంజన్ నడుస్తుండాలి. పడవను గొలుసు దగ్గరికి తీసుకెళ్ళాల్సింది ఇంజన్, విండ్‌లాస్ కాదు. గొలుసు బిగిసినప్పుడల్లా ఆగి, ఇంజన్‌తో కొంచెం ముందుకు జరిగి, వదులైన గొలుసునే తీయాలి. విండ్‌లాస్‌తో 9 టన్నుల పడవను లాగితే బ్రేకర్ పడేది అందుకే.

మూరింగ్ బాయ్ (పడవను కట్టేందుకు నేలకు బిగించిన తేలే బాయ్) ఉంటే అదే మేలు, కానీ గుడ్డిగా నమ్మకూడదు, దిగి తాడు ఎలా ఉందో చూడండి. కట్టడంలో అందరూ చేసే తప్పు ఒకటే తాడును ఎడమ క్లీట్ (డెక్ మీద తాడు కట్టే కొమ్ము) నుంచి బాయ్ కన్నంలోంచి కుడి క్లీట్‌కు తీసుకెళ్ళడం. పడవ ఊగినప్పుడల్లా ఆ తాడు కన్నంలో రంపంలా అటూ ఇటూ లాగుతూ తెల్లవారేలోపు అరిగిపోతుంది. ఎడమ క్లీట్ తాడు కన్నంలోంచి ఎడమ క్లీట్‌కే రావాలి, కుడిది కుడికే.

డింగీ, కరెంటు, నీళ్ళు, టాయిలెట్

రివర్స్ వేసేముందు ప్రతిసారీ డింగీ తాడును పొట్టిగా లాగి కట్టాలి. ఆ పని ఒకే మనిషిది కావాలి, అందరిదీ అయితే ఎవరిదీ కాదు. డింగీ ఇంజన్ స్టార్ట్ కాకపోతే వరసగా చూడండి: ట్యాంకు మూత మీది గాలి మర తెరిచి ఉందా, పెట్రోలు బల్బు నొక్కితే గట్టిపడిందా, కిల్ కార్డ్ (ఊడితే ఇంజన్ ఆగిపోయే తాడు) తగిలించారా, చోక్ లాగారా. దాదాపు ఎప్పుడూ ఈ నాలుగింట్లో ఒకటే. తెడ్లు లేకుండా కదలకండి. తీరం నుంచి సముద్రం వైపు వీచే గాలిలో ఇంజన్ ఆగితే డింగీ బయటికి కొట్టుకుపోతుంది.

లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.7 వోల్టులు, 12.2 అంటే సగం. అంతకన్నా దిగనివ్వకండి. ఉష్ణమండలంలో ఫ్రిజ్ రోజంతా కొట్టుకుంటుంది. ఫ్యాన్లు, పంపులు, లైట్లు, ఆటోపైలట్ కలిపి రోజుకు 100 ఆంపియర్-అవర్లు సులువుగా ఖర్చవుతాయి. సోలార్ లేని పడవలో పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట ఇంజన్ నడపాలి, ఐడిల్‌లో కాదు, 1,300 నుంచి 1,500 ఆర్‌పీఎం దగ్గర. ఇంజన్ మామూలు వేగంలో గంటకు సుమారు 3 లీటర్ల డీజిల్ తాగుతుంది.

నీళ్ళ లెక్క కూడా వేసుకోండి. ఆరుగురు, మనిషికి స్నానంతో కలిపి 15 లీటర్లు: రోజుకు 90. 360 లీటర్ల ట్యాంకు నాలుగు రోజులు. సబ్బు స్నానం సముద్రంలో చేసి, వెనక మెట్ల మీది షవర్‌తో ఒక్క లీటరుతో ఉప్పు కడుక్కుంటే వారం లాగవచ్చు. తాగే నీళ్ళు వేరుగా, మనిషికి రోజుకు 3 లీటర్లు. ట్యాంకులు రెండుంటే ఒకేసారి రెండూ తెరవకండి. మొదటిది అయిపోయినప్పుడు రెండోది మీకు హెచ్చరికగా మిగులుతుంది.

టాయిలెట్ పైపు లోపలి వ్యాసం చిన్నది. తిన్నది తప్ప ఇంకేదీ అందులో వేయకూడదు, కాగితం సంచిలోకే. చేతి పంపైతే 15 నుంచి 20 సార్లు కొట్టాలి, అప్పుడే లోపలిది పైపు దాటుతుంది. వ్యర్థాల ట్యాంకు నిండాక కూడా పంపు కొడితే గాలి గొట్టం పూడి, ఒత్తిడికి పైపు ఊడుతుంది. పిడి గట్టిబడుతోందంటే ఆపేసి, తీరానికి దూరంగా, అనుమతి ఉన్న నీళ్ళలో ట్యాంకు వాల్వ్ తెరవండి. వంట గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే పడవ అడుగున చేరుతుంది. వంట కాగానే సిలిండర్ దగ్గరే కట్టేయండి.

ఇంజన్ వేడి అలారం మోగితే వెనక ఎగ్జాస్ట్‌లో నీళ్ళు పడుతున్నాయా చూడండి. పడకపోతే వెంటనే ఆపాలి. కరీబియన్‌లో 2011 నుంచి దట్టంగా వస్తున్న సర్గాసమ్ నాచు నీటి దారిని మూసేస్తుంది. సీకాక్ మూసి, స్ట్రెయినర్ బుట్ట తీసి కడిగి, మళ్ళీ పెట్టి సీకాక్ తెరవండి. అయినా రాకపోతే ఇంపెల్లర్ రెక్కలు విరిగి ఉంటాయి, మార్చాలి. ఇంపెల్లర్ మార్చడం తెలియకపోతే కంపెనీకి ఫోన్ చేయడమే, ప్రయోగాలు వద్దు.

రీఫ్ చేపలు పట్టి తినేముందు సిగ్వాటెరా గురించి తెలుసుకోండి. బారకూడా, పెద్ద గ్రూపర్ వంటి వాటిలో ఉండే ఈ విషం వండినా పోదు. బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో పర్మిట్ లేకుండా గాలం వేయకూడదు కూడా. కరీబియన్ తీరాల్లో మాంచినీల్ చెట్టు కింద వానకు నిలబడితే ఆకుల మీది నీటి చుక్కలకే చర్మం బొబ్బలెక్కుతుంది. సన్‌స్క్రీన్ కొనేముందు లేబుల్ చదవండి. పసిఫిక్‌లోని పలావు దేశంలో, అమెరికా వర్జిన్ దీవుల్లో ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవి 2020 నుంచి నిషేధం. ఎలాగూ నీళ్ళలో చేతుల్లేని చొక్కా బదులు పొడుగు చేతుల ర్యాష్‌గార్డ్ వేసుకుంటే సగం సన్‌స్క్రీన్ అక్కర్లేదు.

తిరిగి అప్పగించడం

ఆఖరి ఉదయం డీజిల్ పంపు దగ్గర వరస ఉంటుంది. 9 గంటల్లోపు చేరితే నెమ్మదిగా పని కానిచ్చుకోవచ్చు. పంపుకు ఆనించే ముందు అన్ని ఫెండర్లు (గట్టుకు తగలకుండా పక్కన వేలాడదీసే గాలి మెత్తలు) దించండి, రివర్స్‌లో మీ పడవ వెనకభాగం ఏ పక్కకు జరుగుతుందో మొదటి రోజే ఖాళీ నీళ్ళలో చూసి ఉంటారు కాబట్టి అటువైపు ఆనేలా రండి. చాలా మోనోహల్స్‌లో అది ఎడమ పక్క. డీజిల్ రసీదు దాచండి. విరిగినవి, పోయినవి, నేలకు తగిలినవి దాచకుండా ముందే రాసివ్వండి. కీల్ నేలకు తగిలితే డైవరు ఎలాగూ చూస్తాడు, మీరు చెప్పకపోతే డ్యామేజ్ వేవర్ (నష్టం డబ్బు నుంచి మినహాయింపు) వర్తించకపోవచ్చు. మొదటి రోజు వీడియోలో తీసిన చోట్లన్నీ అదే వరసలో మళ్ళీ తీసి, చెక్-అవుట్ కాగితం మీద కంపెనీవాళ్ళ సంతకం తీసుకున్నాకే బ్యాగులు దించండి.